అడిగే మనిషి

మేడిపల్లిలో బస్సు దిగేసరికే ఎండకు ఓదెలు చొక్కా చెమటతో తడిసి వీపుకు అంటుకుంది. ఒక చేతిలో నోటీసు, ఇంకో చేతిలో మైదా బంక డబ్బా. తెగిన చెప్పుకు సుతిలి కట్టుకున్నాడు. జగిత్యాల వకీలు దగ్గర ఏళ్లుగా అతని పని ఇదే. దావా వేయకముందే ఎదుటివాళ్ల ఇంటికి పోయి, ఫలానాది ఇచ్చెయ్యమని అడగాలి. దాన్ని డిమాండు అంటారు. అడగకుండా వేస్తే ఇలాంటి దావా నిలవదని వకీలు అనేవాడు.

ఈసారి అడుగుతున్నది గోపాల్ రావు దొర. ఈ ఊరి రైతు ముత్యం దున్నుకుంటున్న మడిని వదిలిపెట్టమంటున్నాడు. దొర ఊళ్లోని రైతుకూలీల సంఘానికి భయపడి ఎప్పుడో కరీంనగర్ చేరాడు. ఆయన కాగితం తెచ్చినవాడికి నీళ్లు కూడా పొయ్యొద్దని సంఘం చాటింపు వేయించింది.

హోటలువాడు ఓదెలును చూసి కుండ మీద మూత పెట్టాడు.

"మీ దొర ఇంట్ల బాయి లేదా?"

ముత్యం ఇంటి ముందు నిలబడి ఓదెలు నోటీసు పైకి చదివాడు. చివరికొచ్చేసరికి దాహానికి నాలుక పిడచకట్టింది. ముత్యం భార్య నర్సక్క కాగితం అందుకోలేదు. అతను వేళ్లతో బంక తీసి గోడకు పూసి, కాగితం అంటించి, అరచెయ్యి అక్కడే ఆనించి ఊపిరి తీసుకున్నాడు.

"నీ దొర ఒక్కనాడన్న మడిల కాలు పెట్టిండా? గాయన దిక్కెల్లి నువ్వొచ్చి అడుగుతవా?"

"నా కొలువు గదక్కా."

నర్సక్క అతని ఎండిన పెదవులు చూసింది. లోపలికి పోయి చెంబుతో వచ్చింది. కానీ చెయ్యి చాపలేదు.

"నోరు తెరిచి అడుగు, పోస్త. సంగపోళ్లకు నేను జవాబు చెప్పుకుంట."

నోటీసు అంటించిన ఇంట్లో నీళ్లు తాగితే లంచం తిన్నాడంటారని ఓదెలు ఎక్కడా తాగేవాడు కాదు. రానురాను ఎక్కడా ఏదీ అడగడమే మానుకున్నాడు. అలిగి సిరిసిల్లలో పుట్టింటికి పోయిన భార్యను తిరిగి రమ్మని కూడా అడగలేదు.

చెంబు మీంచి చూపు తిప్పుకున్నాడు.

"వద్దక్కా," అని వెనుదిరిగాడు.

బస్సు ఆగే చోట కంకర కుప్ప నీడన కూర్చున్నాడు. నీడ జరిగింది, అతను జరగలేదు. సాయంత్రం బస్సు కండక్టరు వచ్చి భుజం తడితే, బిగుసుకుపోయిన ఒళ్లు పక్కకు ఒరిగిపోయింది.

ముత్యం ఇంటి గోడ కింద బంక డబ్బా ఉండిపోయింది. దాన్ని ఎవరూ ముట్టలేదు. ఎండకు బంక పెచ్చుకట్టింది, నడుమ అతని రెండు వేళ్లు తీసిన గాడితో.