పసుపు ఊలు ముడి

మూడో గుమ్మం ముందు నోహెయా రబ్బరు చెప్పులు విడిచి, కాగితాలు వానకు తడవకుండా గుండెకు అదుముకుని తలుపు తట్టింది. హవాయి దీవుల్లోని ఈ హీలో ఊళ్ళో చెప్పులతో ఇంట్లోకి అడుగుపెడితే చచ్చిపోయిన అమ్మమ్మలు కూడా లేచొచ్చి తిడతారు. విందుల్లో ఒకరివి ఒకరు తొడుక్కుపోకుండా ఎవరి చెప్పులకు వాళ్ళు గుర్తు పెట్టుకుంటారు. నోహెయాది పసుపు ఊలు ముడి.

ఆరేళ్ళుగా ఆమె పని సంతకాలే. మెడేరోస్ వాళ్ళ కుటుంబం బెయిలు మీద బయటికొచ్చి కోర్టుకు ఎగనామం పెట్టినవాళ్ళను వేటాడి పట్టుకుంటుంది. టీవీవాళ్ళు దాన్ని వారం వారం చూపిస్తారు. దొరికినవాడు సంతకం పెడితేనే ముఖం కనిపిస్తుంది, లేకపోతే మసక. బేడీలతో ఏడుస్తున్నవాడి పక్కన చతికిలబడి, నోటికి ఇంత అన్నం ముద్ద అందించి, సంతకం రాబట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. యాభై ఎనిమిదేళ్ళు, వాచిన మోకాళ్ళు, మెత్తటి గొంతు. వేటకు ముందు షూటింగుకు ఇరుగుపొరుగువాళ్ళ అనుమతి తెచ్చేదీ ఆమే. తెరమీద ఆమె పేరు ఏనాడూ పడలేదు.

ఈ నెలలో వేటకెళ్ళిన మూడిళ్ళు ఖాళీగా దొరికాయి. కాఫీ వేడిగానే ఉంది, మనిషే లేడు. లోపలివాళ్ళెవరో ముందే కబురందిస్తున్నారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ, మెడేరోస్ కుటుంబానికి పెద్ద డార్లీన్ పట్టి తీరతానంది. అందరి ఫోన్లూ బకెట్లో వేయించింది. అప్పట్నుంచీ ఒకరి ముఖం ఒకరు అనుమానంగా చూసుకోవడమే. మైకులు తగిలించే వెండెల్ మాటిమాటికీ వ్యాను వెనక్కి వెళ్తాడని నోహెయాకూ అనుమానమే. వాడు పెట్టిన కాఫీ కూడా తాగడం మానేసింది.

తలుపు తీసిన నాకసోనే బామ్మ నవ్వింది. "ఇవాళ మా పక్కింటి డెస్మండ్ వంతా?"

"నేను చెప్పకూడదు బామ్మా. ఇక్కడో సంతకం పెట్టు."

"నువ్వు నోరు విప్పాలా ఏంటి? పసుపు ముడి చెప్పులు ఏ గుమ్మంలో కనబడితే దాని పక్కింటికి మూడిందని వీధంతా ఎరుగుదుం. మొదటింటి ముందు విడిచావు చూడు, అప్పుడే పెరటి దారిన చెక్కేశాడు. పాపం, కాఫీ కూడా తాగలేదు."

నోహెయాకు నెల రోజులుగా వెండెల్‌ని మనసులో ఎన్ని తిట్లు తిట్టుకుందో గుర్తొచ్చి సిగ్గేసింది.

సాయంత్రం ఆఫీసులో లైట్లు వెలిగాయి. ద్రోహిని కెమెరా ముందే వెళ్ళగొట్టాలని డార్లీన్ ముచ్చట. ఎదురుగా వెండెల్ ను నిలబెట్టింది.

"వాణ్ణొదిలెయ్ డార్లీన్," అంటూ నోహెయా ఆరేళ్ళలో మొదటిసారి కెమెరా ముందుకొచ్చింది. "ఇదంతా నా చెప్పుల వల్ల." బామ్మ అన్నదంతా చెప్పింది.

అందరూ నవ్వారు. డార్లీన్ నవ్వలేదు. "కావాలనే చేశావు కదూ?"

"నాకివాళే తెలిసింది."

"పోనిద్దూ! అందరి కన్నీళ్ళూ తుడిచేదానివి నువ్వేగా ఆంటీ. నీకు జాలి పుట్టలేదంటే నేన్నమ్మాలా? రేపట్నుంచి రాకు."

వెండెల్ తలెత్తలేదు. ఎవరో నోహెయా ముందు ఒక కాగితం పెట్టారు. ఆమెకు కంఠతా వచ్చిన కాగితమే. "నీ ముఖం చూపించాలిగా ఆంటీ, సంతకం పెట్టు."

ఎంతమంది చేతుల్లో పెట్టిందో ఆ కలం. అది ఇంత బరువని ఇవాళ తెలిసింది. మూత పెట్టి బల్లమీద ఉంచింది.

"నాది మసకగానే ఉండనీ."

గుమ్మంలో చెప్పులు లేవు. వాటిని లోపలికి తీసుకెళ్ళి, లైటు కింద పెట్టి కెమెరాతో దగ్గర్నుంచి తీస్తున్నారు. చెప్పులకు సంతకం అక్కర్లేదు కదా. ఆమె అడగలేదు. వానలో ఉత్తకాళ్ళతో నడిచి వెళ్ళిపోయింది.

ఆ వారం టీవీలో ఒక ఆడమనిషి ముఖం మసగ్గా కదిలింది. చెప్పులు మాత్రం స్పష్టంగా కనిపించాయి. ఇప్పుడవి ఆఫీసు గుమ్మం బయట, మడమల గుంటల్లో వాననీళ్ళతో, పసుపు ముడి ఊడకుండా అలాగే ఉన్నాయి.