ఒంటిచేతి కోటు

దర్జీ కొట్టులో కోటు చెయ్యి విప్పేముందు ఆమె దాని భుజం దగ్గర సుద్దముక్కతో గీతలు పెట్టుకుంది. మళ్ళీ కుట్టేటప్పుడు మెలిక పడకూడదు. సన్నటి మనిషి. వేళ్ళనిండా సూదిగాట్లు. నడుము ఎడమవైపు పోటు రాగానే పళ్ళు బిగించి, తగ్గాక మళ్ళీ దారం తెంపుతోంది.

కిడ్నీకి వెళ్ళే రక్తనాళం బుడగలా ఉబ్బిందట. లోపలుండగా బాగుచేయడం కుదరదు. కిడ్నీని బయటికి తీసి, మంచులో ఉంచి, నాళం సరిచేసి, మళ్ళీ పొత్తికడుపులో అమరుస్తామని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. ఈలోగా అది పగిలితే ప్రాణమే పోతుందన్నాడు. ఇవాళ చేరమన్నారు. ఇదివరకు రెండుసార్లు చేరమంటే మొగుడే చేరనివ్వలేదు.

మధ్యాహ్నం అతను అక్కను వెంటేసుకుని కొట్టుకే వచ్చాడు.

"కిడ్నీ తీసి మళ్ళీ పెడతారా? ఎవరి చెవిలో పువ్వులు పెడతారమ్మా! అమ్ముకుని, కుట్లేసి పంపిస్తారు" అంది ఆడపడుచు.

"ఈ చెయ్యి విప్పాను వదినా. బల్లమీద బాగుచేసి మళ్ళీ కుడతాను. అమ్ముకుంటానా?"

"నువ్వేమైనా కోటువా? నోరు మూసుకుని పని చూసుకో. వచ్చే నెల చూద్దాంలే" అన్నాడు మొగుడు.

వచ్చే నెలట! తన పన్ను సలిపినప్పుడు మాత్రం ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు మహానుభావుడు. ఇల్లంతా దద్దరిల్లేలా మూలిగాడు కూడా. ఈమెకు మూలగడం రాదు, అదే వచ్చిన చిక్కు.

వాళ్ళు వెళ్ళాక ఆమె కొట్టు యజమానితో, "ఇవాళ తొందరగా వెళ్తానయ్యా, ఈ ఒక్క కోటూ అయ్యాక" అంది.

ఇప్పుడే పొమ్మని అతనూ అనలేదు. అప్పటికి కోటుకి ఒక చెయ్యే ఉంది. ఒంటిచేతి కోటును బల్లమీద వదిలిపోవడం ఆమె పుట్టి బుద్ధెరిగి చేయలేదు. ఛీ, ఏం పని అది! ఎవడి కోటో, ఎవడి చెయ్యో! ఆ కాసేపట్లో ఆసుపత్రికి చేరేది.

రెండో చెయ్యి కుట్టి, దారం తెంపి, మిషను మీద తల వాల్చింది. కునుకు తీస్తోందనుకున్నాడు యజమాని. పైకి ఒక్క చుక్క రక్తం కనబడలేదు. అంతా కడుపులోనే పోయింది. అతను పిలిచేసరికి ఆమె లేదు.

"దాని ఆయుష్షు అంతే" అని ముక్కు చీదింది ఆడపడుచు. నోరుముయ్యమనేవాడు అక్కడ ఒక్కడూ లేడు. మొగుడు తల ఊపాడు.

మర్నాడు యజమాని బల్లకింద ఊడుస్తుంటే ఆమె సంచీ చీపురుకు తగిలింది. అందులో రెండు నైటీలు, సబ్బు, దువ్వెన, ధర చీటీ ఇంకా ఊడదీయని కొత్త తువ్వాలు ఉన్నాయి.