అతని పేరున ఆమె దగ్గు

కరిగిన ఇనుము పోసే పోత పనిలో ఇసుక అచ్చులు పగలగొట్టి దులిపే మేస్త్రీకి కొంతకాలంగా పొద్దున్నే దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. అది బయటపడితే ఉద్యోగానికి ఎసరు వస్తుందని అతని భయం. అందుకే, నిద్ర లేవగానే లోతునుంచి దగ్గి తెమడ తెమ్మని ఫ్యాక్టరీ ఆసుపత్రివాళ్ళు డబ్బీ ఇస్తే, దాన్ని భార్య చేతిలో పెట్టాడు. ఆమే కొన్నాళ్ళుగా దగ్గుతోంది గాని, అది జలుబు దగ్గేనని అతని నమ్మకం. జన్మలో సిగరెట్టు ముట్టని మనిషి తెమడలో ఏం దొరుకుతుంది?

"దగ్గేది నేను, జీతం మీకా? బాగుంది బేరం," అని నవ్వుతూనే ఆమె డబ్బీ నింపి ఇచ్చింది.

ఇప్పుడు డాక్టరమ్మ అతని ఎదుట నెమ్మదిగా చెబుతోంది.

"ఊపిరితిత్తుల్లోంచి రాలిన కణాలు తెమడలో వస్తాయి మేస్త్రీ గారూ. మీవాటి జన్యువుల్లో మార్పులు కనిపించాయి. క్యాన్సరని అనడం లేదు, స్కాన్ తీస్తేగాని తెలీదు. ఒకవేళ అదే అయినా, ఇంత ముందుగా పట్టుకోవడం మీ అదృష్టం."

అతనికి మొదట కలిగింది ఊరట. తనది కాదు కదా అనుకున్నాడు. ఆ మరుక్షణమే, అలా అనుకోగలిగినందుకు తల కొట్టేసినట్టయింది. చలిగాలి కొడుతోందని కిటికీ మూసింది తను. మూసిన గదిలో, ఆమె పక్కనే, సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చింది తను. అచ్చుల దుమ్ము పట్టిన చొక్కాలు తను విప్పి పడేస్తే, దులిపి ఉతికింది ఆమె. వేలెత్తి చూపడానికి మూడో మనిషి లేడు.

నోరు మూసుకుని తను స్కాన్ తీయించుకుని, అందులో ఏమీ కనిపించకపోతే ఉద్యోగం నిలుస్తుంది. ఆమెను మరెక్కడైనా చూపించవచ్చు.

"ఇలాంటిది వస్తే, ఇంకో ఆసుపత్రిలో మళ్ళీ మొదట్నుంచి చూపించుకోవచ్చాండీ?"

"చూపించుకోవచ్చు. కానీ అక్కడ మామూలు దగ్గని మందిచ్చి పంపేస్తే? చేతిలో ఉన్న ఆధారం వదిలేసి, చీకట్లో వెతుక్కోవడం ఎందుకు?"

మేస్త్రీ తల వంచుకున్నాడు.

"ఆ తెమడ నాది కాదండీ. మా ఆవిడది. బయట కూర్చుంది."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఫ్యాక్టరీవాళ్ళకి చెప్పక తప్పదు నాకు."

"చెప్పండి. ముందు ఆవిణ్ణి చూడండి."

వరండాలో బెంచీ మీద భార్య ఒళ్ళో సంచీతో కూర్చుని ఉంది. అతని ముఖం చూసి నవ్వింది.

"చీవాట్లు బాగానే పెట్టినట్టున్నారు. సిగరెట్లు మానమన్నారా?"

"నిన్ను రమ్మంటున్నారు."

"నన్నా? డబ్బీ నాదని తెలిసిపోయిందాండీ?"

తెమడలో ఏం కనిపించిందో చెప్పడానికి లోపల డాక్టరమ్మ ఉంది. డాక్టరమ్మ నోటితో చెప్పించడం ఎంత తేలికో అతనికి తెలుసు. అయినా లోపలికి దారి చూపలేదు. బెంచీ మీద భార్య పక్కన కూర్చున్నాడు.

"ఆ డబ్బీలో ఏం దొరికిందో, నీకు నేను చేసిందేమిటో చెబుతాను," అన్నాడు. "పూర్తిగా విను. తరవాత ఇద్దరం కలిసి లోపలికి పోదాం."