రాజుగారికి ఊరి కబురు

స్కాట్లాండ్‌లో కిర్కిన్వర్ అనే ఊరి నడిబొడ్డున రాబర్ట్ బ్రూస్ రాజు గుర్రమెక్కి ఉంటాడు. రాజూ రాయే, గుర్రమూ రాయే. మీద పావురాల రెట్ట మాత్రం ఎప్పటికప్పుడు తాజాది. ఏటా, ఆయన ఇంగ్లీషువాళ్ళ మీద బానక్‌బర్న్ యుద్ధం గెలిచిన రోజున, ఊళ్ళో అందరికంటే వయసు మళ్ళిన మనిషి ఆ గుర్రం కాళ్ళ దగ్గర పూలదండ పెట్టి, ఆ ఏటి ఊరి కబురు రాజుకు వినిపించాలి. వినిపించిన ప్రతివాడూ "అంతా క్షేమం ప్రభూ" అన్నవాడే. ఆపైన చప్పట్లు, విస్కీ.

ఆ అబద్ధాలకు జనంలో నిలబడి పకపకా నవ్వేది వాటీ గెడ్డెస్ ఒక్కడే. ఉన్ని మిల్లులో మగ్గం దగ్గరే నడుం వంగిపోయిన మనిషి. "నా వంతు రానీ, చెప్తా ఆ గుర్రపాయనకి" అనేవాడు. ఆయనకంటే పెద్దదైన జానెట్ ముసలమ్మ చలికాలంలో కన్నుమూసింది. అప్పట్నుంచీ పొద్దున్నే ఓట్స్ జావ ముందు కూచుని, చెంచా ఊపుతూ ఒకటే సాధన.

"రాజా, మిల్లు మూసేశారు. ఆస్పత్రి మూసేశారు. బస్సు రావడం మానేసింది. ఇంక దేనికయ్యా నీ కాపలా? దిగి ఇంటికి పో!"

కూతురు ఎఫీ గిన్నెలు తీస్తూ విని నవ్వుకునేది.

పండగ ఇంకో వారముందనగా ఆ పండగ కమిటీ పెద్ద డాల్‌రింపుల్ వచ్చాడు. మూతపడ్డ మిల్లును ఫ్లాట్లు చేసి సెలవులకొచ్చే షోకిలాలకు అమ్ముతున్న మహానుభావుడు ఈయనే. బ్రూస్ రాజుది మా వంశమేనని ఎదురొచ్చిన కుక్కకు కూడా చెప్పుకుంటాడు. ఆ ముఖం చూస్తేనే ఎఫీకి ఒళ్ళు మండుతుంది.

"ఈసారి టీవీవాళ్ళొస్తున్నారమ్మా. మీ నాన్న ఈ కాగితంలో ఉన్నదే చదవాలి. కాదంటే ఆయన తర్వాతి పెద్దాయన్ని పిలుస్తాం" అన్నాడు.

"రాజుగారి మనవడివి కదా, నువ్వే గుర్రం వెనకెక్కి చదువుకోరాదూ?"

"వేళాకోళం కాదు. వంతు కావాలా, వద్దా?"

కావాలి. ముసలాయన మళ్ళీ ఏడాదికి ఉంటాడో లేదో. ఎఫీ కాగితం తీసుకుంది.

"వాడు గాడిదే నాన్నా. అవసరమొస్తే గాడిద కాళ్ళు పట్టుకోవాలిగా! ఇన్నేళ్ళు ఎదురుచూశావు, తీరా వంతు పోతే ఏం మిగుల్తుంది? నాకోసం చదివెయ్యి."

వాటీ కూతురి చేతిలోంచి కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

పండగనాడు సన్నగా జల్లు పడుతోంది. బ్యాగ్‌పైపులు ఊదడం ఆపగానే వాటీ దండ పెట్టి, కళ్ళజోడు తగిలించుకున్నాడు. "ప్రభూ, నీ ఊరు చల్లగా ఉంది. మిల్లుకు కొత్త కళ వచ్చింది" అంటూ ఆఖరి అక్షరం దాకా చదివాడు. జనం చప్పట్లు. బస్సు లేక తడుస్తూ నడిచొచ్చినవాళ్ళే చేతులు నొప్పెట్టేలా కొడుతున్నారు. "గొర్రెలు!" అని పళ్ళు నూరింది ఎఫీ.

దగ్గరికెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకోబోయింది. ఆయన చెయ్యి లాగేసుకున్నాడు.

"ముట్టుకోకే. డాల్‌రింపుల్ నయం. నేనేం చెప్పాలనుకున్నానో వాడికి తెలీదు. నీకు తెలుసు."