పెళ్లికారులో ఆయిల్ లైటు

మా అమ్మాయి అఫ్రీన్ టాక్సీ నడుపుతుంది. నంద్యాలలో ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు నోరు తెరుస్తారు, నేను మూయిస్తాను. మా ఆయన కరీముల్లాకు చూపు తగ్గి స్టీరింగు వదిలేస్తే, కారు అమ్మనివ్వకుండా పట్టుబట్టి తాళం తీసుకున్న పిల్ల అది. అయినా జనానికి ఆడపిల్ల ఒక్కతే బండి తెస్తే నమ్మకం లేదు. అందుకని ఏ బాడుగ వచ్చినా ముందు సీట్లో నేను కూర్చోవలసిందే. డ్రైవరుకు కాపలా అన్నమాట. నా నడుం నొప్పి ఎవడికి పట్టింది!

మొదటి పెళ్లి బాడుగ వచ్చినప్పుడూ అంతే. పెళ్లికూతురు కరుణను ఆళ్లగడ్డ చర్చికి చేర్చాలి. "నీవు ఎంబడి ఉంటేనే మస్తాన్‌బీ. లేకుంటే వేరే బండి చూసుకుంటాం" అని ఆమె మేనమామ సాల్మన్ రాజు ముందే తెగేసి చెప్పాడు. ఈ పెళ్లి సవ్యంగా జరిగితే ఇక అఫ్రీన్‌కు తిరుగుండదు. ఏదైనా తేడా వచ్చిందా, ఆడదాని బండి ఎక్కితే ఇంతే అంటారు.

బయలుదేరే ముందు సాల్మన్ రాజు స్టీరింగు వెనక మీటర్ల మీద చేమంతి దండ పరిచాడు. పెళ్లికారంటే లోపలా బయటా పూలుండాలట. అఫ్రీన్ స్పీడు కనపడేంత మేర జరుపుకుని బండి తీసింది.

శిరివెళ్ల దాటాక ఒక కుదుపుకు దండ జారింది. పూల కింద పసుపు లైటు వెలుగుతోంది. నూనె డబ్బా బొమ్మ.

"అమ్మీ, ఆయిల్ తక్కువుందంటాంది. ఆపాల."

నా పైప్రాణాలు పైనే పోయాయి. "ఆపొద్దే! ఆళ్లగడ్డ ఎంతో దూరం లేదు, మెల్లగా పో" అని గొణిగాను. వెనక సీట్లో సాల్మన్ రాజు చెవిన పడనే పడింది.

"ఏందీ? పెండ్లికూతురి బండి నడిమధ్యలో ఆపుతారా? ఆ లైట్లు ఊరికే వెలుగుతాంటాయి. పోనీ పాపా!"

"ఇంజను పట్టేసిందంటే ఈడ్నే కూచోవల్ల మామా. ఎర్ర లైటు వచ్చేదాకా నేను తెచ్చుకోను."

గొంతు కూడా పెంచలేదు. వాలుగా ఉన్న రోడ్డు పక్క వదిలేసి, ముందున్న పెట్రోలు బంకులో చదునైన సిమెంటు మీద ఆపి ఇంజను కట్టేసింది.

సాల్మన్ రాజు ఒంటికాలి మీద లేచాడు. "బేగా చూడు! ఆడ పాస్టరయ్య ఎదురు చూస్తాంటాడు!"

"ఆయిల్ కిందికి దిగాల మామా. ఇప్పుడే చూస్తే లెక్క తప్పు చెప్తాది."

"కాసేపు ఆగు మామా" అంది కరుణ, తెల్ల ముసుగు సర్దుకుంటూ.

కాసేపయ్యాక అఫ్రీన్ ఆయిల్ చూసే కడ్డీ తీసి తుడిచి, మళ్లీ దించి తీసింది. కింది గీత దాకా కూడా ఆయిల్ లేదు. వంగి బండి అడుగున చూసింది. కారడం లేదు. "పాత ఇంజను, తాగేసింది" అంటూ డిక్కీలోంచి ఆయిల్ డబ్బా తెచ్చింది.

"అంతా గుమ్మరించు, పోదాం!"

"ఎక్కువైనా చేటే మామా."

కొంచెం పోసి, ఆగి, కడ్డీ చూసి, మళ్లీ కొంచెం పోసింది. పై గీత దాటనివ్వలేదు. కొత్త చుడీదారుకు మరక అంటినా చూసుకోలేదు. బండి స్టార్ట్ చేస్తే లైటు ఆరిపోయింది. అప్పుడు ఆ దండ తీసి సాల్మన్ రాజు చేతిలో పెట్టింది.

"పూలు మీకాడ పెట్టుకోండి మామా. నాకు లైట్లు కనపడాల."

అబ్బ, నా కడుపున పుట్టిందే ఈ పిల్ల! అంతసేపూ భయపడి చచ్చిన నేను సీట్లో నిటారుగా కూర్చున్నాను. సాల్మన్ రాజు ఆళ్లగడ్డ దాకా దండ ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. మేం చేరేసరికి చర్చిలో ఇంకా మొదటి పాటే పాడుతున్నారు.

తర్వాతి వారం సాల్మన్ రాజే ఫోన్ చేశాడు. "మస్తాన్‌బీ, పాములపాడు నుంచి మా యమ్మను పిల్చుకోని రావల్ల. అఫ్రీన్‌ను పంపియ్."

"సరే అన్నా, పొద్దున్నే వస్తాం."

"వస్తాం ఏందీ? మా యమ్మకు ముందు సీటే కావల్ల. నీవు ఇంట్లో ఉండు. ఆ పిల్ల ఉంటే సాలు."

ఆ మాట మా ఆయనకు రెండుసార్లు చెప్పాను. మరునాడు ముందు సీటు నేనే తుడిచాను. అఫ్రీన్ ఒక్కతే బండి తీసింది. కారు సందు మలుపు తిరిగేదాకా వీధి మధ్యలో నిలబడి చూస్తూనే ఉన్నాను. వెనక ఆటో అతను హారన్ మీద హారన్ కొట్టాడు.

"ఆగప్పా! నా కూతురు పోతాంది, కనపళ్లేదా?" అన్నాను.