నిమ్మకాయకి ఆగిన బస్సు

లక్ష్మీకాంత్ అనేవాడు ఈ భూమ్మీద పడకపోయి ఉంటే జక్కయ్యకి ఈపాటికి సొంత షెడ్డు ఉండేది. ఈ మాట జక్కయ్య ఆటోనగర్‌లో తనతో టీ తాగిన ప్రతి మనిషికీ చెప్పాడు. వినేవాళ్లు దొరకనప్పుడు విప్పి పెట్టిన గేరుబాక్సుకి చెప్పాడు. పరాయివాడైతే తిట్టుకుని వదిలేసేవాడే. ఈ లక్ష్మీకాంత్ సాక్షాత్తూ బావమరిది. నగరంలో కొత్తగా వేసిన కరెంటు బస్సుల లైనుకి కంట్రోలు రూములో ఉద్యోగం. మెళ్లో తాడు, తాడుకి కార్డు, కార్డు మీద ఫొటో. అక్క చేతి పులుసు తినడానికొచ్చినా ఆ తాడు తీసేవాడు కాదు, పులుసులో ముంచేవాడు.

జక్కయ్య ఏడో తరగతి సగంలో బడి మానేసి పానా పట్టినవాడు. ఇరవయ్యారేళ్లుగా డీజిల్ బస్సుల ఇంజన్లు విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. వీధి చివర బండి వస్తుంటే చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేవాడు. కరెంటు బస్సులొచ్చాక వినడానికేమీ లేకుండా పోయింది. అవి షెడ్డు ముందునించి పిల్లుల్లా పోతుంటే జక్కయ్య పళ్లు నూరుకునేవాడు. బండన్నాక దగ్గాలి, తుమ్మాలి, నాలుగు రోజులకోసారి మంచాన పడాలి. అప్పుడే కదా మెకానిక్కనేవాడు బతికేది!

చాలదన్నట్టు షెడ్డు ఓనరు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. అక్కడ కరెంటు స్కూటర్లకి చార్జింగు పాయింటు పెడతాడట.

అందుకే సొంత షెడ్డు వేసుకుందామని సీతారావమ్మ గారి స్థలం కొనబోయాడు. కంకిపాడు దాటి ఉయ్యూరు వెళ్లే దారిలో ఓ చిన్న ముక్క. ఆవిడ భర్త బతికున్న రోజుల్లో వాళ్ల ట్రాక్టరుకి రిపేరొస్తే జక్కయ్యే వెళ్లేవాడు. ఆ అభిమానంతో ఆవిడ అడ్వాన్సు కూడా పుచ్చుకోకుండా మాటిచ్చింది. ఇచ్చాక ఓ మెలిక పెట్టింది.

"ఇదిగో జక్కయ్యా, మా అల్లుడు వెంకటకృష్ణారావు వేరే వాళ్లని తీసుకొచ్చాడు. నీకంటే ఎక్కువే ఇస్తామంటున్నారు. నీకు మాటిచ్చాను కాబట్టి శుక్రవారం దాకా వాళ్లని ఆపుతా. శుక్రవారం పదిన్నరకి రాహుకాలం. ఆలోపు గవర్నర్‌పేట రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకాలైతే స్థలం నీది. ఒక్క నిమిషం దాటినా నన్ననొద్దు."

"దాటదమ్మగారూ. తొమ్మిదింటికే వచ్చి మెట్ల మీద కూచుంటా."

శుక్రవారం తొమ్మిదింటికి జక్కయ్య మెట్ల మీద లేడు. చీటీల డబ్బూ భార్య గాజులూ కలిసి మారిన డీడీని సంచీలో పెట్టుకుని, బైకు మీద బయల్దేరి, ఎవరో పెద్దమనిషి ఊళ్లోకొస్తున్నాడని పోలీసులు కట్టిన తాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. అటు బందరు రోడ్డు మూసేశారు. ఇటు సందులు మూసేశారు. సరిగ్గా అప్పుడే లక్ష్మీకాంత్ ఫోన్ చేశాడు.

"బావా, ఎక్కడున్నావు? బండి పక్కన పడేసి మా బస్సెక్కు. మా లైను ఎవరొచ్చినా ఆగదు. దానికి వేరే దారి, రెండు పక్కలా కంచె. తొమ్మిదీ నలభైకి ఆటోనగర్‌లో ఎక్కితే పదీ రెండుకి గవర్నర్‌పేట. రిజిస్ట్రేషన్ ఆఫీసు స్టాపు పక్క సందులోనే. ఇది సైన్సు బావా, లేటవడమనేది ఉండదు."

జన్మలో ఆ బస్సు మెట్టు తొక్కనని జక్కయ్య చేసిన శపథం ఆటోనగర్‌లో అందరికీ తెలుసు. అటూ ఇటూ చూశాడు. తెలిసినవాళ్లెవరూ కనబడలేదు. బైకుకి తాళం వేసి రోడ్డు మధ్యనున్న బస్సు స్టేషన్లోకి దూరాడు.

బస్సు తొమ్మిదీ నలభైకే వచ్చింది. వచ్చింది గానీ తలుపులు తెరుచుకోలేదు. ఈ బస్సు ప్లాట్‌ఫారం మీదున్న పసుపు గీతకి సరిగ్గా వచ్చి ఆగాలి. నాలుగు వేళ్లు అటైనా ఇటైనా తలుపులు రావు. డ్రైవరు కాస్త ముందుకి పోనిచ్చాడు. ఎక్కువైంది. వెనక్కి తెచ్చాడు. తక్కువైంది. స్టేషన్లో జనం, బస్సులో జనం అద్దానికి అటూ ఇటూ నిలబడి ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. మూడోసారికి కుదిరింది.

డ్రైవరు ఆరోన్. నిరుడు దాకా డీజిల్ బస్సు తోలాడు. దాని క్లచ్ ప్లేటు జక్కయ్య చేతిలోనే రెండుసార్లు మారింది.

"జక్కయ్య గారూ! మీరా! మా బస్సులోనా!"

"గట్టిగా అరవకు. పోనీ త్వరగా."

ఆరోన్ పోనిచ్చాడు, నూరేళ్ల ముసలాయన్ని వీపు మీద మోసుకెళుతున్నంత నెమ్మదిగా. జక్కయ్య వెళ్లి వెనక నిలబడ్డాడు.

"ఏమయ్యా, యాక్సిలేటరు తొక్కితే కాలు నొప్పెడుతుందా?"

"అట్లా తొక్కకూడదండీ. ఇదిగో ఈ తెర మీద పచ్చాకులు చూడండి. కరెంటు తక్కువ వాడితే ఆకులు పెరుగుతాయి, ఎక్కువ తొక్కితే రాలిపోతాయి. నెలాఖరుకి ఎవరికి ఎక్కువ ఆకులుంటే వాళ్లకి బహుమతి. మా ఇంట్లో ఇప్పటికి రెండు కుక్కర్లొచ్చాయి. ఈసారి మిక్సీ."

"నా స్థలం పోతుందయ్యా!"

"పోదులెండి. పదింపావుకి దింపుతా."

పటమట స్టేషన్ దాటారు. ఇంకో రెండు ఫర్లాంగులు పోయేసరికి బస్సు ఒక్క కుదుపుతో ఆగింది. పైనించి ఒకావిడ గొంతు చాలా మర్యాదగా చెప్పింది: "ముందు అడ్డం ఉంది. దయచేసి వేచి ఉండండి."

ముందేమీ లేదు. కంచె మధ్య దారి అద్దంలా ఉంది. ఆరోన్ హారన్ కొట్టాడు. ఆవిడ మళ్లీ అదే చెప్పింది. గడియారంలో తొమ్మిదీ యాభై ఎనిమిది.

జక్కయ్య ముందు అద్దానికి ముఖం ఆనించి కిందికి చూశాడు. ఇరవయ్యారేళ్ల బుర్ర ఊరికే ఉండదు. బంపరు మీద గుండ్రటి నల్ల కన్నొకటి ఉంది. ముందేమైనా అడ్డమొస్తే బస్సుకి చెప్పేది అదే. శుక్రవారమని పొద్దున డిపోలో ఎవరో బస్సుకి పూజ చేసి, నిమ్మకాయలూ ఎండుమిరపకాయలూ గుచ్చి కట్టారు. ఒక కొస దారం జారింది. పెద్ద నిమ్మకాయ వచ్చి సరిగ్గా ఆ కన్ను ముందు వేలాడుతోంది. బస్సు దాన్ని మనిషనుకుంటోంది.

"దిష్టి కాయయ్యా నీకు అడ్డం! తలుపు తియ్యి, దిగి పక్కకి జరుపుతా."

"స్టేషన్లో తప్ప తలుపు రాదండీ."

"స్టేషన్‌కి పోనీ మరి!"

"కాయ తీస్తేగానీ కదలదండీ."

జక్కయ్య కిటికీల చుట్టూ వెతికాడు. "అద్దం పగలగొట్టడానికి సుత్తుంటుందిగా?"

"మొదటి వారంలోనే ఎవరో పట్టుకుపోయారండీ."

"నీ కిటికీలోంచి చెయ్యి పెట్టు."

ఆరోన్ పెట్టాడు. పక్కకి చెయ్యి పోయింది గానీ ముందుకి ఎలా పోతుంది? ముందు సీట్లో ఉన్న ముసలమ్మ, పేరు బుల్లెమ్మ, కేకేసింది. "శుక్రవారం పూట అమ్మవారికి కట్టింది తెంపుతారా? బస్సుకేమన్నా అయితే?"

"నేను తెంపనండీ తల్లీ," అన్నాడు ఆరోన్. "నేను చర్చికి పోయేవాణ్ణి. నేను ముట్టుకుంటే రేపు డిపోలో పంచాయితీ." అంటూ కంట్రోలు రూముకి ఫోన్ కలిపాడు. అవతల లక్ష్మీకాంత్.

"తలుపు ఇక్కణ్ణించి తెరవచ్చు," అన్నాడు లక్ష్మీకాంత్ ఉత్సాహంగా. "కారణం నొక్కాలి. ఇక్కడ మూడే ఉన్నాయి. మంటలు, యాక్సిడెంటు, ప్రయాణికుడికి అస్వస్థత. నిమ్మకాయ లేదు."

జక్కయ్య ఫోన్ లాక్కున్నాడు. "ఒరే కాంతూ, నేన్రా. నాకు గుండెల్లో నొప్పని నొక్కు."

"అయ్యో, నిజంగా వచ్చిందా బావా?"

"నువ్వు మాట్లాడేకొద్దీ వస్తోంది. నొక్కు ముందు!"

తలుపులు బుస్సుమని తెరుచుకున్నాయి. జక్కయ్య దూకాడు. బంపరు ముందుకెళ్లి, బుల్లెమ్మ చూస్తోందని దండకి ఓ నమస్కారం పెట్టాడు. తెంపలేదు. జేబులోంచి బైండింగు తీగ తీసి, దండని పైకెత్తి రెండు మెలికలు తిప్పి వైపరుకి కట్టాడు. పావు నిమిషం పని. బస్సు తెర మీద ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వచ్చింది. లోపలున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. కరెంటు బస్సుని కూడా బాగుచెయ్యగలనన్న సంగతి జక్కయ్యకి ఆ నిమిషంలోనే తెలిసింది. ఛాతీ విరుచుకుని మెట్టెక్కబోయాడు.

అదే ఛాతీ కోసం, లక్ష్మీకాంత్ నొక్కిన బటనుకి కబురందుకుని, వెనకనించి అంబులెన్సు వచ్చింది. ఆ దారిలో ఆ రోజు ఆలస్యం కానిది అదొక్కటే.

"గుండెనొప్పి ఎవరికండీ?"

బస్సంతా కలిసి జక్కయ్యని చూపించింది.

"నాకేం లేదయ్యా. తలుపు కోసం అట్లా చెప్పించాను."

"అందరూ ఏం లేదనే అంటారండీ. చెమటలు చూడండి ఎట్లా పడుతున్నాయో. మాట్లాడకండి."

"ఆరోన్! నువ్వన్నా చెప్పు!"

ఆరోన్ తల గోక్కున్నాడు. "పేషెంటుని అప్పజెప్పినట్టు వాళ్లు రాస్తేగానీ నా బస్సు కదలదండీ. పేషెంటే లేడంటే ఉత్తినే తలుపు తెరిపించానని నా ఆకులన్నీ కొట్టేస్తారు. మీరొక్కరు వెళ్లండి, ఇక్కడ నలభై మందిమి వెళ్లాలి."

"వెళ్లు నాయనా, ఒంటి కంటే ఏదీ ఎక్కువ కాదు," అంది బుల్లెమ్మ. నలభై మందీ అదే అన్నారు. ఇద్దరు చేతులు పట్టుకున్నారు, ఒకడు కాళ్లు పట్టుకున్నాడు. జక్కయ్యని పడుకోబెట్టి బెల్టు బిగించారు. అంబులెన్సు అద్దంలోంచి తను బాగుచేసిన బస్సు గవర్నర్‌పేట వైపు సాఫీగా సాగిపోవడం కనిపించింది.

సంచీలో ఫోన్ మోగింది. సీతారావమ్మ గారు. జక్కయ్య చెయ్యి బెల్టు కింద ఉంది. అంబులెన్సు కుర్రాడే ఎత్తాడు. "పేషెంటు మాట్లాడకూడదండీ. గుండెనొప్పి. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం."

ఆస్పత్రిలో తీగలన్నీ తగిలించి చూశారు. నర్సు జెస్సికా కాగితం చదివి, "గుండె బ్రహ్మాండంగా ఉందండీ, బీపీ ఒక్కటే ఎక్కువుంది. ఎవరి మీదన్నా కోపంగా ఉన్నారా?" అనడిగింది. జక్కయ్య పళ్లు కొరికిన చప్పుడు ఆవిడకి బాగా వినిపించింది.

పదీ ఇరవై ఆరుకి ఫోన్ చేతికిచ్చారు. ముందు లక్ష్మీకాంత్ మాట్లాడాడు. "బావా, నీకెలా ఉంది? ఆ బస్సు పదీ ఇరవైకే గవర్నర్‌పేట చేరింది. చూశావా మరి, నేను చెప్పలా!"

జక్కయ్య వాడి ఫోన్ కట్ చేసి సీతారావమ్మ గారికి చేశాడు.

"అమ్మగారూ, ఇంకా నాలుగు నిమిషాలుంది. ఆపండి. ఆటోలో వచ్చేస్తున్నా. నాకే నొప్పీ లేదు."

"వద్దు నాయనా. స్థలం రాయించుకోబోతూ దారిలో గుండెపోటొచ్చిందంటే ఆ నేల నీకు అచ్చిరాదనేగా? నీ పెళ్లాం ఉసురు నాకెందుకు? వద్దు."

"గుండెపోటు లేదమ్మగారూ! బస్సు తలుపు కోసం అబద్ధం చెప్పించాను!"

"తలుపు కోసం ప్రాణం మీద అబద్ధమాడతావా జక్కయ్యా? నా ట్రాక్టరు బిల్లులు కూడా ఇట్లాగే రాశావా ఏంటి?" పక్కకి తిరిగి ఆవిడ పిలవడం వినిపించింది. "అల్లుడుగారూ, వాళ్లని రమ్మనండి. ఇంకా రెండు నిమిషాలుంది."

ఆ రెండు నిమిషాల్లో వేలిముద్రలు పడ్డాయి, ఫొటోలు దిగారు.

దస్తావేజులో రాయించడానికని జక్కయ్య ఆ స్థలం హద్దులు కంఠతా పట్టి ఉన్నాడు. ఇప్పటికీ ఎవరడిగినా అప్పజెపుతాడు. తూర్పున పంట కాలువ గట్టు. దక్షిణాన పుంత రోడ్డు. పడమట ఎలీషా గారి గేదెల పాక. ఉత్తరాన సీతారావమ్మ గారి మిగతా పొలం. ఈ నాలుగింటి నడుమ మూడున్నర సెంట్లు. గజాల్లో నూట అరవై తొమ్మిదీ పాయింట్ నాలుగు.