పెసర మొలకల పొట్టేలు

మా ఇంట్లో ఎవరు ఏడ్చినా నాకు తెలిసిన మందు ఒక్కటే: ఏదో ఒకటి తినిపించడం. ముగ్గురు పిల్లల్ని అలాగే పెంచాను. మా ఆయన ఓహిమ్‌ పొట్టనూ అలాగే పెంచాను. ఇంక గొర్రె ఒక లెక్కా అనుకున్నాను.

ఆ గొర్రె మాది కాదు. సార్కిమ్ పెద్దనాన్న మాకు పాలుకిచ్చాడు. మేత మాది, మొదటి పిల్ల మాది, రెండోది ఆయనది. రెండేళ్లుగా అది తినడమే తప్ప ఈనింది లేదు. చివరికి పెద్దనాన్న తన పొట్టేలును కూడా తెచ్చి, గుంజల మీద మెట్లెక్కి వెళ్లేలా కట్టిన మా కొట్టంలో కట్టేశాడు.

“ఈ మౌలూద్ పండగ నెల ముగిసేలోగా కలవకపోతే రెంటినీ తోలుకుపోతా, ఎంతిన్. గొర్రెను మిమిన్ అడుగుతోంది,” అన్నాడు.

మిమిన్ మా పక్కింటావిడ. నా గొర్రె వాళ్ల కొట్టంలో ఈనితే ఆ పిల్లను చంకనెత్తుకుని రోజూ మా గుమ్మం ముందు తిరిగే రకం.

మా గరూత్ ప్రాంతంలో పిల్లలు కలగని మగాడికి పెసర మొలకలు పెడతారు. నేను ఓహిమ్‌కి పెట్టాను, ఫలించింది. అందుకని పొట్టేలుకూ పెట్టాను. పైన తేనె, పచ్చి గుడ్డు. బలం పుంజుకునేదాకా గొర్రె జోలికి పోకూడదని మధ్యలో అడ్డంగా చెక్క పలకలు కూడా కొట్టించాను.

ఇవతల గొర్రె అరిచేది. తోక ఊపేది. పలకలకు ఒళ్లు రుద్దుకునేది. ఆకలి కాబోలని టోఫు చేయగా మిగిలిన సోయా పిప్పి గంపెడు పెట్టేదాన్ని. ఒకటి రెండు రోజులకు నోరు మూసేది. “చూశావా, కడుపు నిండింది,” అని ఓహిమ్‌తో గొప్పలు పోయేదాన్ని. కొన్నాళ్లకు మళ్లీ అదే అరుపు, మళ్లీ అదే పిప్పి.

నెలాఖరున, గొర్రె మళ్లీ అరుస్తుంటే మిమిన్ చూడటానికొచ్చింది.

“అక్కా, ఈ పలకలేంటి?”

“పొట్టేలుకు బలం పట్టాలనే.”

“ఎంత బలం పడితే మాత్రం పలకల్లోంచి పిల్లను పుట్టిస్తుందా? గొర్రె ఎదకొచ్చి అరుస్తుంటే నువ్వు ఫలహారం పెడుతున్నావా, తల్లీ!”

వెంటనే పలకలు పీకించాను. పొట్టేలు గొర్రె వంక చూసింది. నా చేతిలో గిన్నె వంక చూసింది. నా దగ్గరికే వచ్చి, తిని, పడుకుంది.

“దాన్నేం అనకు. నువ్వు పెట్టాక నా పరిస్థితీ అంతే,” అన్నాడు ఓహిమ్.

మర్నాడు, నెల చివరి రోజున, పెద్దనాన్న వచ్చేశాడు.

“ఇది పొట్టేలా, పరుపా?” అంటూ రెంటికీ తాళ్లు కట్టాడు. పిప్పి బకెట్టు కనిపిస్తే తప్ప రెండూ అడుగు వెయ్యలేదు. బకెట్టు పట్టుకుని నేను ముందు, గొర్రె తనకే దక్కుతుందని మిమిన్ వెనక. ఊరంతా చూసింది.

ఎత్తు దారిలో కాఫీ కొట్టు దగ్గర పెద్దనాన్న కాఫీ తాగడానికి ఆగాడు. గొర్రె మళ్లీ అరిచింది. అలవాటుగా బకెట్టులో చెయ్యి పెట్టాను. ఖాళీ. అంత దూరం నడిచి పొట్టేలుకూ మత్తు వదిలినట్టుంది. తినడానికి ఏమీ లేక గొర్రె వైపు తిరిగింది.

నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. మిమిన్ తిప్పుకోలేదు.

“పెద్దనాన్నా, మరి పిల్ల ఎవరికి?” అన్నాను.

“నీ పిప్పి, నా పొట్టేలు, సర్కారు రోడ్డు,” అని ఆయన చేతిలో కాఫీ అంతా ఒలికేలా నవ్వాడు.

“గొర్రెను నాకిస్తానన్నావుగా!” అంది మిమిన్.

“నెలలోగా కలవకపోతేనే అన్నాను. నెల ఇంకా ఇవాళ్టిదాకా ఉంది. తోలుకుపో, ఎంతిన్. కానీ మేత ఓహిమ్ వేస్తాడు. ఈనేదాకా నువ్వు కొట్టం మెట్లెక్కావో, ఆ రోజే గొర్రె మిమిన్‌ది.”

ఐదు నెలలు కొట్టం కింద కూర్చుని సలహాలు మాత్రమే ఇచ్చాను. ఓహిమ్ ఒక్కటీ వినలేదు. గడ్డి వేశాడు, ఆకులు వేశాడు, ఊరుకున్నాడు. గొర్రె సన్నబడింది. పొట్ట మాత్రం పెరిగింది.

అది ఈనిన రోజున పెద్దనాన్న, మిమిన్ ఇద్దరూ చూస్తుండగా, రెండు చేతులూ చాచి ఖాళీగా ఉన్నాయని చూపించి, మెట్లెక్కి నా పిల్లను ఎత్తుకున్నాను.